మంచు పులుసు

"రోలు చప్పుడు ఆగిందేం?" అని ముందు హాల్లోంచి తాచి కేకేసింది.

తాచి అంటే అక్క. ఎంగ్ చువాన్‌కి సొంత అక్క కాబట్టి అతను అలా పిలుస్తాడు. ఇరవై ఏళ్ళ కిందట అతన్ని పెళ్ళాడి ఈ ఇంటికొచ్చిన సియోక్ లాన్‌కి కూడా ఆవిడ తాచే అయింది. పెద్దాడపడుచు అన్న మాటలో ఎంత బరువుందో అంతా ఆ రెండక్షరాల్లోనూ ఉంది. మలక్కాలో తరాలుగా స్థిరపడ్డ చైనీయుల, అంటే బాబాల, ఈ పాత ఇళ్ళలో కోడలి పనితనాన్ని కళ్ళతో చూడరు, చెవులతో వింటారు. రోకలిబండ మెత్తగా పలికితే ముద్ద నలిగిందని, ఖంగుమంటే రోలు ఖాళీగా ఉందని, మధ్యలో ఆగిపోతే కోడలి మనసు ఇంకెక్కడో ఉందని అర్థం. తాచి పెళ్ళి చేసుకోలేదు గానీ, చెవులు మాత్రం నలుగురు కోడళ్ళని ఏలిన అత్తగారివి.

"మిరపకాయల్లో ముచ్చికలున్నాయి తాచీ, ఏరుతున్నా" అని సియోక్ లాన్ అబద్ధం చెప్పింది. ఆమె వెళ్ళింది పెరట్లోని బొగ్గుల కుంపటి దగ్గరికి. దాని మీద చిన్న గిన్నెలో ఎర్రగా ఒక పులుసు ఉడుకుతోంది. మూత తీసి చూసి, రెండు బొగ్గులు పక్కకి లాగి, పరుగున వచ్చి మళ్ళీ రోకలిబండ అందుకుంది.

ఈరోజు మామగారి తద్దినం. పన్నెండు రకాలు వండాలి. నల్లకాయలు వేసిన కోడికూర ఆయనకి ప్రాణం. ఆ కాయలు ఊరికే వండితే విషం. అయిదు రోజులు నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చి, కుంచెతో తోమి, మూతి పగలగొట్టి, లోపలి నల్లటి గుజ్జు తీసి నూరి, మళ్ళీ ఆ డొప్పల్లోనే కూరాలి. సియోక్ లాన్ గోళ్ళ కింద అయిదు రోజులుగా ఆ నలుపే. బాతు మాంసం పులుసు మామగారి తండ్రికి, బెల్లం తక్కువ వేసిన పంది కూర ఆయన రెండో భార్యకి. హాలు గోడ మీది పటాల్లో ఎవరికి ఏది ఇష్టమో నిద్రలో లేపి అడిగినా సియోక్ లాన్ చెప్పగలదు. వాళ్ళలో సగం మందిని ఆమె చూడను కూడా లేదు. ఇంకో నియమం ఏమిటంటే, పెద్దలు తినేదాకా వంట రుచి చూడకూడదు. వాసన పట్టి ఉప్పు వేయాలి, రంగు చూసి దించాలి. ఎక్కడ తప్పినా కోడలి తప్పే. ఇందుకోసం బాలికల బడి లైబ్రరీలో, చినిగిన పుస్తకాలకి అట్టలు వేసే తన ఉద్యోగానికి ఏటా మూడు రోజులు సెలవు పెడుతుంది. "లైబ్రరీ ఏం పారిపోతుందా?" అంటాడు ఎంగ్ చువాన్.

అదే తిథికి ఆమె తల్లి తద్దినం కూడా. ఇదే మొదటిది.

పోయిన ఏడాది సరిగ్గా ఇలాగే, ఇదే రోటి ముందు సియోక్ లాన్ కూర్చుని ఉండగా, తల్లి ఆస్పత్రిలో ఉంది. ఊపిరితిత్తులకి నెమ్ము చేరింది, రెండు రోజుల్లో పంపిస్తామన్నారు. ముందురోజు సాయంత్రం కూతురి చెయ్యి పట్టుకుని, "నాకా మంచు పులుసు తినాలనుందే" అంది. "రేపు మామగారి పని కాగానే వండి తెస్తానమ్మా" అంది సియోక్ లాన్. "కానీలే, పులుసెక్కడికి పోతుంది" అని తల్లి నవ్వింది. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటుంపావుకి పోయింది. వడ్డనలై, ఎంగిళ్ళు ఎత్తి, గిన్నెలు తోముతుండగా మూడింటికి ఎంగ్ చువాన్ వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది" అన్నాడు. సబ్బు చేతులతోనే వెళ్ళింది. ఆ పులుసు ఇన్నాళ్ళూ సియోక్ లాన్ గొంతులోనే ఉండిపోయింది.

తల్లికి కొడుకుల్లేరు. కొడుకుల్లేని వాళ్ళ పటాలు కొండ దిగువన చిన్న గుడిలో వరసగా ఉంటాయి, అక్కడే ఆవిడ పటమూ ఉంది. చచ్చిపోయిన వాళ్ళకి భోజనం పెడితే మిట్టమధ్యాహ్నం పన్నెండు లోపే పెట్టాలి, ఆ తర్వాత పెట్టింది వాళ్ళకి చెందదు. ఈ ఇంట్లో పని తెమిలేది పన్నెండుకే. అందుకే వారం ముందు భర్తని అడిగింది, పెద్దలకి వడ్డించే బల్ల చివర అమ్మకి ఒక్క గిన్నె పెట్టుకుంటానని. "నాదేముంది, తాచిని అడుగు" అన్నాడు. ఎంగ్ చువాన్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పోట్లాడటం సులువు. ప్రతి మాటకీ "నాదేముంది" అనే మనిషితో ఎవరు పోట్లాడగలరు? తాచి మాత్రం కుండ బద్దలు కొట్టింది. "వేరే ఇంటిపేరు మనిషి మా వాళ్ళ పక్కన కూర్చుని తింటుందా? మా నాన్న బల్ల దగ్గర్నుంచి లేచిపోతాడు. అయినా ఏం పెడతావు, ఆ పుస్తకాల కూడేనా?"

పుస్తకాల కూడు. పెళ్ళయిన కొత్తలో, పడగ్గదిలో, మురిసిపోతూ భర్తకి చెప్పుకున్న ముచ్చట అది. వారం తిరక్కుండా తాచి నోట్లో వెటకారమై కూర్చుంది. అప్పటి నుంచి భర్తకి ఏదైనా చెప్పే ముందు సియోక్ లాన్ మనసులోనే ఒకసారి దాన్ని తాచి గొంతుతో వినేది. చాలావరకు చెప్పడం మానేసేది.

తల్లి కూడా పుస్తకాలు కుట్టేది, ఒక మిషన్ బడిలో. తండ్రి పోయాక అదే వాళ్ళ బతుకు. ఇక కుట్టడానికి పనికిరావని పారేసే పుస్తకాలు ఇంటికి తెచ్చేది. అట్టల్లేవు, పేర్లు లేవు, ఒకదానికి మొదలు లేదు, ఒకదానికి చివర లేదు. సాయంత్రం పొయ్యి దగ్గర కూతురు ఉల్లిపాయలు ఒలుస్తుంటే తల్లి చదివేది. కథలో ఎవరు ఎవరిని పెళ్ళాడారో ఇద్దరికీ పట్టేది కాదు, ఏం తిన్నారన్నదే ముఖ్యం. గొర్రెల కాపరి జున్ను కాల్చుకుంటే ఇద్దరికీ నోరూరేది. ఎడారి గుడారంలో ఖర్జూరాలు వెన్నలో ముంచుకు తింటే, మర్నాడు వీళ్ళింట్లో అరటిపళ్ళు వెన్నలో మునిగేవి. ఒక పుస్తకంలో బయట మంచు కురుస్తుంటే ఓ ఇంటివాళ్ళు ఎర్రటి పుల్లటి పులుసు తాగుతారు, పైన ఒక చెంచాడు తెల్లటిదేదో వేసుకుని. అది దేనితో వండారో చెప్పే పేజీ చినిగిపోయింది. తల్లీకూతుళ్ళు మూడు రోజులు ఆలోచించారు. ఎర్రగా పుల్లగా ఉండేది ఇంకేముంటుంది, గోంగూర కాయల ఎర్ర రేకులే! అవి ఉడకబెట్టి, రొయ్యపొట్టు నూరి వేసి, తెలుపు కోసం పైన చిక్కటి కొబ్బరిపాలు ఒక చెంచా వేశారు. ఇద్దరూ చెమటలు కక్కుతూ, బయట మంచు పడుతోందని అనుకుంటూ తాగారు. మలక్కా పొలిమేర దాటని ఆ ఇద్దరూ ఆ చిన్న వంటింట్లోంచే సగం లోకం తిరిగొచ్చారు.

పుస్తకాలు చాలకపోతే అమ్మమ్మ ఉంది. ఆవిడ తొమ్మిదేళ్ళప్పుడు రంగూన్ నుంచి ఓడెక్కి వచ్చింది. అక్కడ ఊరబెట్టిన తేయాకులో వేయించిన వెల్లుల్లి, నువ్వులు, వేరుశనగలు కలుపుకు తినేవాళ్ళమని చెప్పి, ఉత్త నోటినే నములుతూ కళ్ళు మూసుకునేది. సియోక్ లాన్ తల్లి పుట్టింది ఇక్కడే, రంగూన్ చూసింది లేదు, ఆ ఆకు తిన్నదీ లేదు. అయినా జీవితమంతా దానికోసం అల్లాడింది. టీ కాచాక మిగిలిన పిప్పి పిండి, నిమ్మరసం కలిపి ఒకసారి చేసింది కూడా. చేదు విషం. "మా అమ్మ చెప్పినట్టే ఉంది" అని కళ్ళనీళ్ళతో మొత్తం తినేసింది. తను తినని తిండి మీద బెంగ పెట్టుకోవడం ఎలాగో సియోక్ లాన్ ఆమె దగ్గరే నేర్చుకుంది.

పదేళ్ళ కిందట కౌలాలంపూర్‌లో, భర్త ఆఫీసు విందులో, ఒక పెద్ద హోటల్లో ఎర్రటి సూప్ తెచ్చి పెట్టారు. పైన తెల్లగా ఒక చెంచా మీగడ. సియోక్ లాన్ ఆత్రంగా చెంచా అందుకుంది. తాగి చూస్తే తియ్యగా, మట్టి వాసనతో బీట్‌రూట్ దుంప! నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏంటా నవ్వు, ఆఫీసర్లు చూస్తున్నారు, పల్లెటూరిదానిలా" అని ఎంగ్ చువాన్ బల్ల కింద కాలు తొక్కాడు. ఊరికి రాగానే తల్లికి చెప్పింది, అసలుది మనదాని కాలిగోటికి సరిపోదని. తల్లి జాలిపడింది. "పాపం మంచు దేశం వాళ్ళకి రొయ్యపొట్టు ఎక్కడ దొరుకుతుందే!"

పదకొండుకల్లా పన్నెండు రకాలూ పొడవాటి బల్ల మీదికి చేరాయి. టీ కప్పులు, తినడానికి పుల్లలు, ఖాళీ కుర్చీలు. అగరుబత్తులు వెలిగాయి. సియోక్ లాన్ గడియారం చూసుకుంది. పటాల ముందు ఎంగ్ చువాన్ రెండు రాగి నాణేలు వేస్తాడు. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే పెద్దలు తృప్తిగా తిన్నట్టు. ఆ తర్వాతే బతికున్న వాళ్ళకి వడ్డన. మొదటిసారికే పడితే తను పెరటి దారిన గుడికి వెళ్ళి, వడ్డన వేళకి వచ్చేయవచ్చు. పావుగంట నడక.

నాణేలు నేల మీద తిరిగి తిరిగి పడ్డాయి. రెండూ బొరుసులే.

"కోపంగా ఉన్నాడు" అంది తాచి. "టీ చల్లారిందేమో, మార్చు."

టీ మార్చింది. మళ్ళీ రెండూ బొరుసులే. పుల్లలు సరిచేసింది. ఈసారి రెండూ బొమ్మలు. రెండు బొమ్మలంటే పెద్దలు నవ్వుతున్నట్టు, అదీ జవాబు కాదు. "తాతయ్య జోకులేస్తున్నాడు" అంది పదహారేళ్ళ కూతురు సు యిన్ మెల్లగా. తాచి చూసిన చూపుకి నోరు మూసుకుంది. కుర్చీలు సర్దారు, కోడికూర గిన్నె ఆయన ముందుకి జరిపారు, కొత్త అగరుబత్తులు వెలిగించారు. పదకొండుం పావు, పదకొండున్నర. నాణేలు మొండికేశాయి. ఎంగ్ చువాన్ మెడ వెనక చెమట కారుతోంది. సియోక్ లాన్‌కి ఒళ్ళంతా తేళ్ళూ జెర్రులూ పాకుతున్నట్టుంది. ఒక్క గిన్నె పులుసు, పావుగంట నడక, అరగంట గడువు. అంతకు మించి ఆమె ఈ లోకాన్ని ఏమీ అడగలేదు. ఈ ఏడు కూడా తప్పితే అమ్మ ఇంకో ఏడాది ఆకలితో కూర్చుంటుంది.

తాచి ముక్కు ఎగబీల్చింది. "పుల్లటి వాసనేంటి?" అంటూ లేచి, వంటిల్లు దాటి పెరట్లోకి వెళ్ళింది. వెనకాలే అందరూ వెళ్ళారు. ఆవిడ కుంపటి ముందు నడుం మీద చేతులు పెట్టి నిలబడి ఉంది.

"ఇదా సంగతి! వద్దంటే మానావు కాదు. పరాయివాళ్ళని పిలిచి పెరట్లో కూర్చోబెడితే మా నాన్న గొంతులో ముద్ద ఎలా దిగుతుంది? పారబొయ్యి."

"అది గుడికి తాచీ. పరుగున వెళ్ళి పరుగున వస్తాను. పన్నెండు దాటితే మా అమ్మకి చెందదు."

"నాణేలు పడకుండానే గడప దాటతావా? నీకేమైనా మతి పోయిందా?"

ఎంగ్ చువాన్ గొంతు సవరించుకున్నాడు. "ఎందుకే ఈ గొడవ? పారబోసెయ్. సాయంత్రం తీరిగ్గా మళ్ళీ వండుకో, నేనే కారులో దింపుతా."

"సాయంత్రం పెడితే ఎవరు తింటారండీ?"

"చూశావురా ఎదురు మాటలు?" తాచి తమ్ముడి వైపు తిరిగింది. "పోయినేడు ఎంత సవ్యంగా జరిగింది! మొదటిసారికే పడ్డాయి నాణేలు. ఎందుకు పడ్డాయి? అప్పుడు నువ్వు నా మాట విన్నావు కాబట్టి. ఆస్పత్రి వాళ్ళు ఫోన్ చెయ్యగానే చెప్పానా లేదా, దీనికిప్పుడే చెప్పకురా, పొయ్యి మీద పనంతా మట్టి కొట్టుకుపోతుందని?"

"తాచీ..." అన్నాడు ఎంగ్ చువాన్.



"ఎన్నింటికి?" అని అడిగింది సియోక్ లాన్.

"ఏంటి ఎన్నింటికి?"

"ఫోన్ ఎన్నింటికొచ్చింది?"

తాచి తడుముకోలేదు. తప్పు చేశానని అనుకుంటేగా తడుముకోవడానికి. "పదిన్నరకి. నువ్వప్పుడు కొబ్బరిపాలు పిండుతున్నావు. నాకు బాగా గుర్తు."

సియోక్ లాన్ భర్త వైపు చూసింది. "ఏమన్నారు వాళ్ళు?"

అతను నేల చూశాడు. "నిన్ను అడుగుతోందని... ఒకసారి వచ్చి వెళ్ళమని. అంత ప్రమాదంగా ఉందని నేననుకోలేదు సియోక్ లాన్. నీ మీదొట్టు. నాదేముంది, తాచి..."

ఆ మాట పూర్తి చెయ్యలేదు. చేసినా సియోక్ లాన్ వినే స్థితిలో లేదు. పదిన్నర. ఒంటిగంటుంపావు. మధ్యలో ఎంతసేపు? రెండు గంటల నలభై అయిదు నిమిషాలు. ఆస్పత్రి ఇరవై నిమిషాల దూరం. ఆ రెండు గంటల నలభై అయిదు నిమిషాల్లో తను ఏం చేసింది? కొబ్బరిపాలు పిండింది. బాతు పులుసు దించింది. మామగారి తండ్రి రెండో భార్య పంది కూరలో బెల్లం ఎక్కువైందేమోనని భయపడి చచ్చింది. ఆ సేపంతా అమ్మ తలుపు వైపు చూసి ఉంటుంది. నర్సు చెప్పే ఉంటుంది, ఫోన్ చేశాం, వస్తోంది అని. వస్తోంది, దారిలో ఉంది, ఇంకా రాలేదు. ఏడాది పొడుగునా సియోక్ లాన్ తనని తాను తిట్టుకుంది, పులుసు ముందే ఎందుకు వండలేదని. పులుసు మాట తర్వాత, ఉత్త చేతులతో వెళ్ళినా సరిపోయేది. ఈ ఇంట్లో చచ్చిపోయిన వాళ్ళ ఆకలి చూసినవాళ్ళు, అక్కడ బతికున్న మనిషి తన కూతురి కోసం అడిగితే, పనయ్యాక చూద్దామన్నారు. అంతే. ఎవరూ సియోక్ లాన్‌ని కొట్టలేదు, తిట్టలేదు. ఏడవాలనుకుంది, రాలేదు. ఏడుపు కన్నా ముందు ఒళ్ళు మండిపోతోంది.

ఆమె గుడ్డతో గిన్నె పట్టుకుని కుంపటి మీంచి దించింది. మూత మీద తువ్వాలు చుట్టి ముడి వేసింది. చిన్న సీసాలో కొబ్బరిపాలు పోసుకుంది. రెండు గిన్నెలు, చెంచాలు సంచిలో వేసుకుంది. పెరటి తలుపు వైపు కాకుండా లోపలికి నడిచి, వంటిల్లు దాటి, హాలు దాటి, పన్నెండు రకాల పక్క నుంచి, పటాలన్నిటి ముందు నుంచి, వీధి గుమ్మం దాకా వెళ్ళింది.

"నాణేలు ఇంకా పడలేదు!" ఎంగ్ చువాన్ వెనక నుంచి అరిచాడు. "వడ్డించేదెవరు?"

ఇరవై ఏళ్ళ కాపురంలో, ఈ క్షణాన కూడా, అతనికి తోచిన ప్రశ్న అది. సియోక్ లాన్ సంచి భుజానికి ఎగదోసుకుంది. గడప దాటింది.

గుడికి చేరేసరికి పన్నెండుకి పది నిమిషాలు. పటాల వరస కింద మోకాళ్ళ మీద కూర్చుని, తల్లి ముందు గిన్నె పెట్టి, ఎర్రటి పులుసు పోసి, పైన చెంచాడు కొబ్బరిపాలు వేసింది. "తెచ్చానమ్మా" అంది. అప్పుడొచ్చింది ఏడుపు. ఆపుకోలేదు. గుడి చూసుకునే ముసలావిడ కాసేపు దూరంగా నిలబడి, తర్వాత దగ్గరకొచ్చి అరచేతిలో రెండు నాణేలు చూపించింది.

"అడుగుతావా తల్లీ, తినడం అయిందో లేదో?"

"వద్దు అవ్వా. తొందరేం లేదు, నెమ్మదిగా తిననీ. ఒంటిగంటుంపావు దాకా నేనిక్కడే కూర్చుంటాను. పోయినేడు కూర్చోలేకపోయాను."

సు యిన్ ఆయాసపడుతూ వచ్చేసరికి పన్నెండున్నర. చెప్పులు విడిచి, తల్లి పక్కన చతికిలబడింది.

"అమ్మా, నాన్న రమ్మంటున్నాడు. నాణేలు పడ్డాయి. నువ్వు గడప దాటి వెళ్ళగానే వేశాడు, ఒక్కసారికే పడ్డాయి. నీ వల్లే ఇంతసేపు పడలేదు, శని వదిలిందని అత్త అంటోంది."

సియోక్ లాన్ తడి మొహంతోనే నవ్వింది. "మీ తాతయ్య మంచివాడే. నేను కదిలేదాకా తిననని మొండికేసి కూర్చున్నాడన్న మాట."

రెండో గిన్నెలో పులుసు పోసి కూతురి చేతికిచ్చింది. సు యిన్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, పులుపుకి ఒక కన్ను మూసి, ఇంకో చెంచా తాగింది. "ఇదేంటమ్మా? ఇంట్లో ఎప్పుడూ వండలేదే?" అంది. సియోక్ లాన్ చెప్పడం మొదలుపెట్టింది, బయట మంచు కురుస్తుంటుంది, లోపల ఒక ఇంటివాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు అని. ఏ మాటనీ ముందు తాచి గొంతుతో వినకుండానే చెప్పింది. గుడి గడియారంలో ముల్లు ఒకటి దాటింది, పావు దగ్గరికొచ్చింది, పావూ దాటింది. సు యిన్ గిన్నె అడుగు నాకి పక్కన పెట్టింది.

"ఇక ఇంటికి వెళ్దామా అమ్మా?"

"వెళ్దాం. నా బట్టలు అక్కడున్నాయి, తెచ్చుకోవాలి."